మధురలో ఒక గురువుగారి పూరిల్లు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ సభలో పరీక్షా ఫలితములు చదివి, లోటుపాట్లు విన్నవించి, తమ తోడ్పాటును కోరి కూర్చుండుట మాకు అలవాటు. ఈ యేడు ఆ వివరములన్నియు కార్యదర్శిగారి నివేదికలో చేరినవి. కావున మాకు లభించిన కొద్ది సమయములో ఒక యింటిని గూర్చి ముచ్చటింప దలచితిమి. అది మేడ కాదు, కోట కాదు. మట్టిగోడలపై గడ్డి కప్పిన పూరిల్లు. నాలుగు వందల సంవత్సరములకు పూర్వము మధురా పట్టణమున నుండెను. నేడు లేదు. అందు నివసించినవాడు తెలుగువాడు కాదు, తమిళుడును కాదు. ఇటలీ దేశమునుండి వచ్చిన క్రైస్తవ గురువు. అయినను ఆ యింటి కథలో మన పిల్లల చదువునకు సంబంధించిన మాట యొకటి కలదని మాకు తోచినది.

ఈ సంగతి మాకు తట్టిన విధము మొదట చెప్పెదము. మొన్నటి వర్షకాలమున ఏడవ తరగతి పిల్లలకు ఇల్లు బొమ్మ గీసి, భాగముల పేర్లు తెలుగున వ్రాయుడని చెప్పితిమి. తలుపు, కిటికీ, గోడ, మెట్లు అని అందరును వ్రాసిరి. అరుగు అని కొందరే వ్రాసిరి, తక్కినవారు తిణ్ణ యనిరి. చూరు అను మాట తరగతిలో ఇద్దరికే తెలిసినది. వాసము, నిట్రాట, కొప్పు అను మాటలు ఎవ్వరికిని తెలియవు. ఒక బాలుడు లేచి, "మా అవ్వకు తెలుసునండీ, ఆమెనడిగి రేపు వ్రాసికొని వచ్చెదను" అనెను. ఆ బాలుడు మరునాడు పదునాలుగు మాటలు వ్రాసికొని వచ్చెను. వానిలో మూడు మాకును క్రొత్తవి. ముప్పది యేండ్లుగా తెలుగు చెప్పుచున్న మాకు ఆనాడు కొంత సిగ్గు, కొంత సంతోషము కలిగినవి. ఇల్లు మారిన యింటి మాటలును మారునా? మాటలు పోయిన వెనుక మిగులునది యేమి? ఇట్లు ఆలోచించుచుండగా మధురలోని ఆ పూరిల్లు జ్ఞప్తికి వచ్చినది.

ఆ కాలము ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. విజయనగర ప్రభువుల పక్షమున విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును 1529 ప్రాంతమున స్థాపించెను. ఆ రాజ్యము 1736 వరకు నడచినది. దేశమును డెబ్బది రెండు పాళెములుగా ఏర్పరచిరని ప్రసిద్ధి. రాజులు తెలుగువారు, పాళెగాండ్రలో పెక్కుమంది తెలుగువారు, ప్రజలలో అధికసంఖ్యాకులు తమిళులు. మన పెద్దలందరును ఒక్క మారే వచ్చినవారు కారు. కొందరు సేనలతో వచ్చిరి. కొందరు మగ్గములతో వచ్చిరి. కొందరు పత్తి పండు నల్లరేగడి నేలలను వెదకికొనుచు వచ్చిరి. కొందరు చెరువులు త్రవ్వి గట్లు పోయు పనితో వచ్చిరి. వీరందరును ఉత్తరదిక్కునుండి వచ్చుటచే తమిళులు వీరిని వడుగరు అనిరి. పోర్చుగీసువారి నోట ఆ మాటయే 'బడగ' యైనది. ఫ్రాన్సిస్ జేవియరు 1544లో వ్రాసిన జాబులలో విజయనగర సైనికులకు ఈ పేరే కలదు. తరువాత వచ్చిన గురువుల లేఖలలో మన తెలుగునకు బడగ భాష యని పేరు. 

రాబర్టో డి నోబిలి 1577లో ఇటలీ దేశమున ఉన్నతవంశమున జన్మించెను. జెసూట్ సభలో చేరి, 1605లో గోవాకు వచ్చి, 1606 నవంబరు మాసమున మధుర చేరెను. అప్పటికే గొన్సాలో ఫెర్నాండెజ్ అను పోర్చుగీసు గురువు అచ్చట పదేండ్లకు పైగా నివసించుచుండెను. ఆయన పూర్వాశ్రమమున సైనికుడు. తీరప్రాంతమునుండి వ్యాపారమునకై వచ్చు పరవ క్రైస్తవులకు గురువుగా నుండి, చిన్న బడిని, వైద్యశాలను నడపుచుండెను. అయినను మధురలోని యితరులు ఆయన బోధను వినరైరి. పోర్చుగీసువారిని జనులు పరంగులని పిలిచి దూరముంచెడివారు. మాంసాహారము, మద్యపానము, తోలు చెప్పులు, ఎల్లరతో కలసి భుజించుట, ఇవి ఆ కాలపు పెద్దకులములవారికి సరిపడలేదు.

నోబిలి దీనిని చక్కగా గమనించెను. తాను పరంగిని కానని చెప్పి, రోమునందలి రాజకులమునకు చెందిన సన్న్యాసినని ప్రకటించుకొనెను. 1607లో కాషాయ వస్త్రము ధరించి, పాదుకలు తొడిగి, కమండలువు చేతబూని, ఫెర్నాండెజ్ నివాసమును విడిచి, బ్రాహ్మణవీథుల చెంత వేరొక యింట కాపురముండెను. అదియే మనము చెప్పుకొనుచున్న పూరిల్లు. మట్టిగోడలు, గడ్డికప్పు, నేలపై చాప. దినమున కొకమారు భోజనము. అన్నము, పాలు, కూరలు మాత్రమే, వండువాడు బ్రాహ్మణుడు. ఇల్లు కదలి వెలుపలికి వచ్చుట అరుదు. చూడవచ్చిన వారితో నేలపై కూర్చుండి సంభాషించెడివాడు. మన తెలుగు క్రైస్తవ సోదరులు నేటికిని దేవాలయము చెంతనుండు గురువుగారి నివాసమును గురుమందిర మందురు. మధురలో నోబిలి గురుమందిరము ఈ గడ్డియిల్లే.

ఆ యింటిలో జరిగిన ముఖ్యమైన పని యేమి? చదువు. తమిళమును ఆయన మొదట అభ్యసించెను. రాజులకొలువు భాషయగు తెలుగును నేర్చెను. శివధర్ముడను తెలుగు బ్రాహ్మణ పండితుని యొద్ద సంస్కృతమును చదివెను. సంస్కృతమును లోతుగా అభ్యసించిన ఐరోపా వారిలో ఆయన మొదటివాడని చరిత్రకారులందురు. ముప్పదేండ్ల ప్రాయపు పరదేశి యొకడు మట్టినేలపై కూర్చుండి, తాటాకు పుస్తకము ముందుంచుకొని, మూడు భాషలను నేర్చినాడు. జనులు ఆయనను తత్త్వబోధకస్వామి యని పిలిచిరి. తమిళమున ఆయన వ్రాసిన గ్రంథములు నేటికిని లభించుచున్నవి.

ఇక ఆ కాలమున మధుర సీమలో పూరిల్లు ఎట్లు కట్టెడివారో కొంచెము వివరించెదము. మన తాతలనాటి యిండ్లు అట్టివే గనుక ఈ సంగతులు తమలో పెద్దలకు తెలిసినవే. పిల్లలకొఱకు చెప్పుచున్నాము.

మొదట గోడ. ఎఱ్ఱమట్టి తెచ్చి, నీరు పోసి, తరిగిన గడ్డి కలిపి, కాళ్లతో బాగుగా త్రొక్కి నాననిత్తురు. గడ్డి కలుపుట యేలననగా మట్టి ఆరునపుడు బీటలు వారకుండుటకు. ఆ ముద్దలతో మూరెడెత్తున ఒక వరుస పెట్టెదరు. అది ఆరిన పిదపనే పై వరుస. తొందరపడి పచ్చి వరుసపై మఱియొకటి పెట్టిన గోడ క్రుంగిపోవును. కోయంబత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతముల నల్లరేగడి పత్తికి మేలైనదే గాని గోడకు పనికిరాదు. అది వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. కావున పొలము నల్లమట్టిది, ఇల్లు ఎఱ్ఱమట్టిది.

గోడపై కప్పు. ఇంటి నడుమ నిలువుగా నిలిపినవి నిట్రాళ్లు. వానిపై అడ్డముగా పెట్టినది వెన్నుదూలము. ఆ దూలమునుండి గోడలమీదికి ఇరువైపుల వాలుగా దింపినవి వాసములు. ముదిరిన తాటిమ్రాను చీల్చి చేసిన వాసములకు చెద సులువుగా పట్టదు. వాసములకు అడ్డముగా వెదురుదబ్బలు కట్టి, ఆ పై గడ్డి కట్టలనో తాటాకులనో పఱచుదురు. ఈ పని చూరునుండి మొదలుపెట్టి పైకి పోవలెను. క్రింది వరుస తలను పై వరుస కొన కప్పవలెను. చివరకు రెండు వాలులు కలియుచోట కొప్పు వేయుదురు. వాన మొదట చొచ్చుకొనునది అచ్చటనే గనుక కొప్పు వేయుటకు నేర్పరి కావలెను.

ఒక్క గడ్డిపరక వానను ఆపలేదు. వేలకొలది పరకలు ఒకే దిక్కుగా, చాలినంత వాలుగా, దట్టముగా చేరినపుడు నీరు పరకనుండి పరకకు జారి చూరు చేరును. పై పొర మాత్రమే తడియును, లోపలిది పొడిగా నుండును. వాలు తగ్గినచో నీరు నిలిచి కప్పు క్రుళ్లును. పరకల నడుమ చిక్కుకొన్న గాలి వేసవి వేడిని లోపలికి రానీయదు. చూరును గోడ దాటి బయటికి దింపుట గోడ తడవకుండుటకు. గోడ మొదట అరుగు కట్టుట చూరునీరు చింది గోడ అడుగు కరగకుండుటకు. దారినపోవువారు కూర్చుండుటకు కూడ అరుగు ఉపయోగపడునన్నది తరువాతి మాట. చూరు క్రిందికి దిగియుండుటచే ఎంతటివాడైనను తల వంచియే లోపలికి రావలెను.

ఇట్టి యింటికి ఒక నియమము కలదు. దానిని ఎప్పటికప్పుడు బాగుచేయుచుండవలెను. వరిగడ్డి కప్పు రెండు మూడేండ్లకు మార్చవలెను. తాటాకు మఱికొంత కాలము నిలుచును. గోడకు ఏటేట మట్టి మెత్తవలెను. నేలను పేడతో అలుకవలెను. ఇంకొక సంగతి మన అవ్వలందరికిని తెలియును. పొయ్యి రాజుచున్న యింటి కప్పునకు పొగ తగిలి పురుగు పట్టదు. పాడుపెట్టిన యింట పొయ్యి రాజదు, పురుగు పట్టును, కప్పు క్రుంగును, వాన లోపలికి దిగును, మట్టిగోడ కొద్ది వర్షకాలములలో మట్టిలో కలియును. కాపురమున్నంత కాలమే పూరిల్లు ఇల్లు.

పూరింటిని పొగడుచున్నామని తమరు భావింపవలదు. దాని దోషము నిప్పు. 2004 జూలై 16వ తేదీన కుంభకోణములో ఒక పాఠశాల గడ్డికప్పునకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు మరణించిరి. ఆ దినమును తలచిన ఉపాధ్యాయుని గుండె నేటికిని నిలువదు. ఆ పిమ్మట మన రాష్ట్ర ప్రభుత్వము పాఠశాలలకు గడ్డికప్పులు ఉండరాదని ఆజ్ఞాపించినది. అది సరియైన ఆజ్ఞ. పిల్లలు కూర్చుండు చోట గడ్డికప్పు వలదు. పాతదంతయు మంచిదని మా మాటకు అర్థము కాదు. పాతదానిలో ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో తెలిసి చేయవలెననియే మా మనవి.

నోబిలి మార్గములోను విడువవలసినది కలదు. ఉన్నతకులముల వారిని ఆకర్షించుటకై ఆయన తన యింటిని, పూజాస్థలమును వేరుచేసికొనెను. తరువాత 1640 ప్రాంతమునుండి ఆ మిషనువారు ఇతర కులములకొఱకు పండారస్వాములను వేషముతో వేరే గురువులను నియమించిరి. అనగా ఆ యింటి గడప అందరికిని ఒక్కటి కాలేదు. ఆయన తోటి గురువులలోనే కొందరు ఆ పద్ధతిని తీవ్రముగా ఆక్షేపించిరి. వివాదము గోవాకు, రోమునకు పోయి, 1623లో పోపు పదునైదవ గ్రెగొరీ ఆయన పద్ధతికి అనుమతి నిచ్చుటతో తాత్కాలికముగా సద్దుమణిగినది. మన పాఠశాలకు మాత్రము ఒకే గడప. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, ఇంట తెలుగు మాటలాడువారైనను, మాటలాడనివారైనను ఆ గడపనే దాటి వచ్చెదరు. ఇది మన సంఘమువారు మొదటినుండి పాటించుచున్న నియమము, ఇకముందు పాటింపవలసిన నియమము.

ఇక ఆ యింటి గతి యేమైనది? నోబిలి తరువాతి కాలమున తిరుచినాపల్లికిని, సేలమునకును పోయి పనిచేసి, వార్ధక్యమున చూపు మందగించి, మధురను విడిచి, 1656లో మైలాపూరున కాలధర్మము నొందెను. ఆయన మార్గమున వచ్చినవారు మన తెలుగు పాళెములలోను నివసించిరి. తెలుగు పాళెగాండ్రేలిన ఎట్టయాపురము సీమలోని కామనాయక్కన్‌పట్టిలో వీరమాముని యని పేరొందిన బెస్కి పనిచేసెను. కోయంబత్తూరు సీమలో కరుమత్తంపట్టి వారి పాత స్థావరములలో నొకటి. ఆ తొలి గురువుల నివాసములు చాలవఱకు మట్టిగోడల పూరిండ్లే. యుద్ధములలో కొన్ని కాలినవి, వానలకు కొన్ని కూలినవి. 1773లో పోపు జెసూట్ సభనే రద్దుచేయుటతో గురువుల రాక సన్నగిల్లినది. కొన్ని చోట్ల దేవాలయములు సున్నము, ఇటుకలతో తిరిగి లేచినవి. మధురలోని ఆ మట్టిగోడలు మాత్రము మట్టిలో కలిసినవి.

గడ్డియిల్లు గనుక పోయినదని సరిపెట్టుకొందమా? అట్లు కాదనుటకు రెండు దృష్టాంతములు చెప్పెదము. ఒకటి దూరదేశమునది, ఒకటి మన యెదుటిది.

ఇంగ్లండులో ససెక్స్ అను సీమలో ఆల్ఫ్రిస్టన్ అను పల్లె కలదు. అచ్చట పదునాలుగవ శతాబ్దినాటి గడ్డికప్పు గల గురుమందిర మొకటి నేటికిని నిలిచియున్నది. ఓకు మ్రాకుల చట్రము, దాని నడుమ కట్టెల దడికట్టి మెత్తిన మట్టిగోడలు, పైన దట్టమైన గడ్డి. నేలకు సుద్దరాతి ముక్కలు కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపఱచిరి. మనము పేడతో అలుకునట్లే వారు పాలతో అలికిరన్న మాట. పందొమ్మిదవ శతాబ్ది చివరకు అది కూలుటకు సిద్ధమైనది. ఆ యూరి గురువు దానిని కాపాడుడని పలువురిని వేడుకొనెను. 1895లో అచ్చటివారు పురాతన స్థలములను కాపాడుటకై నేషనల్ ట్రస్ట్ అను సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ 1896లో ఆ యింటిని పది పౌన్లకు కొన్నది. అది కొన్న మొట్టమొదటి కట్టడము ఆ పూరిల్లే. కొనుటకైన వ్యయము పది పౌన్లే గాని బాగుచేయుటకు అంతకు ఎన్నో రెట్లు వ్యయమైనది. నాటినుండి గడ్డి పాతబడినపుడెల్ల క్రొత్త గడ్డి కప్పుచున్నారు. ఆరు వందల యేండ్ల యిల్లనుచున్నామే గాని దానిపై గడ్డి ఆరు వందల యేండ్లది కాదు. ఇల్లు పాతది, గడ్డి క్రొత్తది. అందుకే ఇల్లు నిలిచినది.

రెండవది మన మధురలోని తిరుమల నాయకుని మహలు. 1636 ప్రాంతమున కట్టిన రాజభవనము. ఇటుక, సున్నము, మహాస్తంభములు. గడ్డిపరక యన్నదే లేదు. ఐనను తిరుమల నాయకుని మనుమడగు చొక్కనాథుని కాలమున రాజధాని తిరుచినాపల్లికి మారినది. ఇచ్చటి భవనము నుండి పెక్కు భాగములను ఊడదీసి అచ్చటికి తరలించిరి. తక్కినది పాడుపడినది. 1866 మొదలు 1872 వఱకు మదరాసు గవర్నరుగా నుండిన నేపియర్ ప్రభువు మరమ్మతులు చేయింపకున్న మిగిలినది కూడ మనకు దక్కెడిది కాదు. నేడు మనము చూచునది మొదటి భవనములో కొద్ది భాగమే. కావున రాయి నిలుచును, గడ్డి పోవునన్న మాట సరికాదు. చూచుకొనువారున్నచో గడ్డియిల్లు ఆరు వందల యేండ్లు నిలుచును. చూచుకొనువారు లేకున్న రాజభవనమును నిలువదు.

మధురలో నోబిలి యిల్లు పోయినది గాని ఆ యింట జరిగిన చదువు పోలేదు. కారణ మేమి? ఆయన నేర్చినదానిని వ్రాసెను. వ్రాసినదానిని శిష్యులు చదివిరి, ప్రతులు వ్రాసిరి, బోధించిరి. ఆయన తినిన అన్నము, కూర్చున్న చాప, తల వంచి దాటిన చూరు ఇవన్నియు జాబులలో మిగిలినవి. వ్రాతకెక్కినది మిగిలినది. ఎక్కనిది మట్టియైనది.

తల్లిదండ్రులారా, ఇప్పుడు మన యింటి మాటకు వచ్చెదము. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైగా నున్నారు. ఇది చిన్న సంఖ్య కాదు. ఐనను వీరిలో తెలుగు చదువను వ్రాయను వచ్చినవారెందరు? తమ యిండ్లలోనే లెక్కించుకొనుడు. తాతగారికి చదువ వచ్చును. తండ్రిగారికి కూడబలుకుకొనుట వచ్చును. పిల్లవానికి మాటలాడుట వచ్చును. వాని బిడ్డకు? ఇది మూడు తరములుగా గడ్డి మార్చని కప్పు. పైనుండి చూచిన ఇల్లు నిలిచియే యున్నది. కొప్పులో నీరు దిగుచున్నది.

రాజ్యాంగము మనకు హక్కు నిచ్చినది. 29వ అధికరణము మన భాషను కాపాడుకొను హక్కును, 30వ అధికరణము మన విద్యాలయములను నడపుకొను హక్కును ప్రసాదించినవి. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. హక్కు అనునది ఇంటి పట్టా వంటిది. అది పెట్టెలో భద్రముగా నున్నను కప్పు కారుట మానదు. గడ్డి మనమే కప్పవలెను.

కొందరు తల్లిదండ్రులు మా యొద్దకు వచ్చి, "అయ్యా, 2006 చట్టముతో తమిళము తప్పనిసరి యైనది, ఇంగ్లీషు లేనిదే ఉద్యోగము లేదు, పిల్లవానిపై మూడవ భాష భారమెందుకు?" అని అడుగుచున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనిని మేము తేలికగా తీసివేయము. తమిళము మనకు అన్నము పెట్టిన నేల భాష. దానిని మన పిల్లలు లోపము లేకుండ నేర్వవలెను. మన బడిలో తమిళము సరిగా రానివానిని మేము మంచి విద్యార్థి యనము. అయితే ఒక్క మాట. నోబిలికి తమిళము తల్లిభాష కాదు, తెలుగు కాదు, సంస్కృతము కాదు. వినుటకు తల్లి లేదు, ఆడుకొనుటకు తోటివారు లేరు. ఆయన ఆ గడ్డికప్పు క్రింద మూడును నేర్చెను. మన పిల్లవాని చెవిలో తెలుగు ఊయలనాడే పడినది. వానికి మిగిలినది లిపి, చదువు, వ్రాత మాత్రమే. ఇంటిలో సగము కట్టియున్న గోడను విడిచిపెట్టి, భారమని చెప్పుట తగునా?

గోడ వరుసను గూర్చి చెప్పిన మాట మఱల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తొందర వలదు. దినమునకు మూరెడు చాలును. ఆరిన పిదప పై వరుస. ఈ సంవత్సరము మేము తమను కోరునవి మూడే పనులు.

మొదటిది. ప్రతి పిల్లవానికి ఒక నోటుపుస్తకము ఇచ్చుచున్నాము. అవ్వను, తాతను, మేనత్తను, ఇంట పెద్దలెవరున్న వారిని కూర్చుండబెట్టి, పాత యింటి మాటలు, పొలము మాటలు, మగ్గము మాటలు, వంటింటి మాటలు అడిగి వ్రాయింపుడు. ఇవి నిఘంటువులో ఉన్నను లేకున్నను వ్రాయుడు. మూడు నాలుగు వందల యేండ్లు ఈ నేలపై మన పెద్దల నోట నిలిచిన మాటలవి. కృష్ణా గోదావరీ తీరములలో పోయినవి కూడ మన అవ్వల నోట ఉండవచ్చును. మన తెలుగు యాసయని నవ్వువారున్న నవ్వనిండు. వ్రాయుట మానవలదు.

రెండవది. వారమున కొకమారు పిల్లవాడు తెలుగున ఒక జాబు వ్రాయవలెను. ఊరిలోని తాతకే వ్రాయనిండు, ప్రక్కయింటి అక్కకే వ్రాయనిండు. తండ్రికి తెలుగు వ్రాయుట రానిచో పిల్లవాని ప్రక్కన కూర్చుండి తానును నేర్వవచ్చును. ప్రతి శనివారము సాయంకాలము బడి తెఱచియుండును. పలకబలపముతో వచ్చిన తండ్రిని చూచి నవ్వువారెవరును ఇచ్చట లేరు.

మూడవది. ఇంటి అటకపైన, పెట్టెలలోను తెలుగున వ్రాసిన పాత దస్తావేజులు, తాటాకులు, లెక్కల పుస్తకములు, జాబులు ఉన్నచో పాతకాగితములవానికి వేయవలదు. మాకు చూపుడు. మేము చదివి, ప్రతి వ్రాయించి, మూలమును తమకే తిరిగి ఇచ్చెదము. వానిలో రాజుల చరిత్ర లేకపోవచ్చును. ఒక బావి త్రవ్వుటకైన ఖర్చు, ఒక పెండ్లిలో పెట్టిన పసుపు కుంకుమల లెక్క ఉండవచ్చును. నోబిలి యింటి సంగతులు కూడ అట్టి చిన్న జాబులవలననే మనకు తెలిసినవి.

మా ఉద్యోగ కాలము ఇక కొద్ది సంవత్సరములే మిగిలియున్నది. మేము ఈ బడికి వచ్చినపుడు దీనిని మఱియొకరు నడపుచుండిరి. మేము పోయిన పిదప మఱియొకరు నడపెదరు. కప్పుపై ఒక వరుస గడ్డి పఱచు భాగ్యము మాకు కలిగినది. పై వరుస ఈ పిల్లలది. అది పఱచుటకు వారికి చేయి అలవాటు కావలెనన్న, వారి చేతికి గడ్డి అందించువారు తమరే.

ఆ ఏడవ తరగతి బాలుని పదునాలుగు మాటలు బడి గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించినాము. క్రింద చోటు విడిచియున్నాము. సభ ముగిసిన పిదప పోవునపుడు చూచి పోవుడు. తమకు తెలిసిన మాట అందు లేకున్న, సుద్దముక్క అచ్చటనే యుంచితిమి, దయయుంచి వ్రాసి పోవుడు.